మిరపకాయల సోమవారం

ఆ సోమవారం పొద్దున మా కంపెనీ ఆవరణలో శీతల లారీలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. ఇంజన్లు ఆడుతున్నాయి, లోపల పెరుగు చల్లగానే ఉంది, డ్రైవర్లే కదలడం లేదు. ఒక్కొక్కడూ ఫోను మీద బొటనవేలు ఆనించి, తీసి, ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ ఆనిస్తున్నాడు.

"ఒరే ఓగ్న్యాన్, ఇది నన్ను గుర్తుపట్టట్లేదురా," అన్నాడు మించో, డ్రైవర్లందరిలోకీ పెద్దవాడు. "ఇంట్లో మా ఆవిడా అలాగే చూస్తుందనుకో. కానీ తలుపైతే తీస్తుంది."

వేళ్లు చూపించమన్నాను. ఎర్రగా, నున్నగా ఉన్నాయి. వేలిముద్ర అనదగ్గ గీత ఒక్కటి లేదు. మిగతావాళ్లవీ అంతే.

శని, ఆదివారాలు బల్గేరియాలోని మా ప్లెవెన్ ఊరు ఊరంతా మిరపకాయలు కాల్చింది. కారం లేని, అరచేయంత ఎర్ర మిరపకాయలు. వాటిని కాల్చి, పొగలు కక్కుతుండగానే తొక్క ఒలిచి, ల్యుతెనిత్స పచ్చడి చేసి సీసాలకెత్తకపోతే మావాళ్లకు చలికాలం గడవదు. చల్లారాక ఒలవొచ్చు కదా అని అడిగి చూడండి. మీ పెంపకం మీద అనుమానపడతారు.

ఈ కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి నేను. మా పెద్దాఫీసు వియన్నాలో ఉంది. పనివాళ్లకు ఫోన్లు కొనివ్వడం దండగ, ఎవరి ఫోను వాళ్లు తెచ్చుకోవాలని వాళ్లు తేల్చారు. తెచ్చుకున్నారు. తీరా తెచ్చుకున్నాక, ఆ ఫోన్లలో మన సరుకు వివరాలున్నాయి, భద్రత ఏదీ అని పెద్దాఫీసువాళ్లు బెంగపెట్టుకున్నారు. డబ్బు పెట్టింది పనివాళ్లు, పెత్తనం వియన్నాది. ప్రతి ఫోనుకూ తెరవడానికి ఆరంకెల సంఖ్య ఉండాలి, అది నెలనెలా మారాలి, పదిసార్లు తప్పు కొడితే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోవాలి. పెళ్లి ఫొటోలైనా సరే, పెరుగు డబ్బాల లెక్కైనా సరే. ఆ నెల సంఖ్య మార్చిన రోజు శుక్రవారం. వేలు ఉండగా సంఖ్యతో పనేముందని ఎవడూ గుర్తుపెట్టుకోలేదు.

నా ఫోను మామూలుగానే తెరుచుకుంది. మా ఇంట్లో మిరపకాయలు ఒలిచేది మా ఆవిడ.

దారి వివరాలు కాగితాల మీద అచ్చుకొట్టి లారీలను పంపేశాను. వియన్నా నుంచి ఫోనొచ్చింది, ఒకేసారి ఇన్ని ఫోన్లు మొరాయించాయి, ఎవరైనా దాడి చేశారా అని. మిరపకాయలన్నాను. అది ఏ రకం వైరస్ అని అడిగారు.

అప్పుడొచ్చింది జ్లాత్కా అక్క. ఏ లారీ ఎటు పోవాలో చెప్పేది ఆవిడే. ఆవిడ గొంతుకు డ్రైవర్లే కాదు, లారీలు కూడా భయపడతాయి. ఆ రోజు మాత్రం చప్పుడు చెయ్యకుండా వచ్చి నా బల్ల మీద ఫోను పెట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు: ఇంకొక్క ప్రయత్నం మిగిలింది.

"ఇంట్లోనే ఇన్నిసార్లు కొట్టేశావా అక్కా?"

"మరేం చెయ్యమంటావు? ముద్దు పెట్టుకోమంటావా?" అంది. కుర్చీలో కూలబడి, గొంతు తగ్గించింది. "నిన్న తొక్కలు ఒలుస్తుంటే తిహొమిర్ దగ్గర్నుంచి వచ్చిందిరా. గొంతు రికార్డు చేసి పంపాడు. పేరు చూశాను. చేతులు కడుక్కుని, సీసాలు మూసి, కాఫీ పెట్టుకుని తీరిగ్గా కూర్చుని విందామనుకున్నాను. కూర్చున్నాక ఇది తెరుచుకోలేదు."

తిహొమిర్ ఆవిడ తమ్ముడు. ఊరికి ఆ చివర ఉంటాడు. వాళ్ల అమ్మ పోయినప్పుడు గ్యారేజీ దగ్గర తగవొచ్చింది. అందులో కారు లేదు, ఖాళీ సీసాలూ మిరపకాయలు కాల్చే పొయ్యీ ఉన్నాయి. అప్పట్నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. బజారులో ఎదురుపడితే ఇద్దరూ టమాటాల వైపు చూస్తారని అందరికీ తెలుసు.

"ఆయనకే ఫోను చేసి, ఏం పంపావని అడిగితే పోలా?"

"వాడు ఒక మాట రెండోసారి చెప్పే మనిషి కాడు. అప్పుడు గ్యారేజీ దగ్గర ఏదో చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు. ఇన్నేళ్లకు మళ్లీ నోరు తెరిచాడు. ఇప్పుడూ వినలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పనురా?" ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు. "ఆ తుడిచేసే నియమం తీసెయ్, నాయనా."

తీసేశాను, అప్పటికప్పుడే. పైవాళ్లను అడగలేదు కూడా. కానీ ఫోను ఒకసారి తెరుచుకుంటే తప్ప కొత్త నియమం దానికి అందదు. అలా అమర్చినవాడు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి.

"శుక్రవారం ఏ సంఖ్య పెట్టావో కాస్త గుర్తు తెచ్చుకో అక్కా."

"నువ్వు మార్చమని ప్రాణం తీశావు. నీ మీద కోపంతో ఏదో కొట్టాను."

ఆఫీసు మొత్తం మా చుట్టూ చేరింది. ఒకడు పెళ్లిరోజు కొట్టమన్నాడు. పెళ్లిరోజు కోపంలో గుర్తొస్తుందా అని ఇంకొకడు. బాగా గుర్తొస్తుందని లెక్కలు చూసే ఆవిడ. జ్లాత్కా అక్క ఎవరి మాటా వినకుండా తమ్ముడి పుట్టినరోజు కొట్టింది.

అది కాదు.

తెర నల్లబడింది. కాసేపటికి వెలిగి, స్వాగతం పలికి, ఏ భాష కావాలో ఎంచుకోమంది. ఎవరి సీట్లోకి వాళ్లు వెళ్లిపోయారు. ఆవిడ ముక్కు చీదుకుని, "బల్గేరియన్ పెట్టరా, అదే కదా నాకొచ్చింది," అంది.

నేనింకా పెడుతూనే ఉన్నాను, ఫోను మోగింది. పేరు లేదు, పేర్లన్నీ పోయాయి. ఉత్త అంకెలు. ఆవిడ వాటిని చూసి లేచి నిలబడింది.

ఫోను నా చేతిలోంచి లాక్కుని ఎత్తడంలో స్పీకరు మీద వేలు పడింది. దానికి వేలిముద్ర అక్కర్లేదు.

"విన్నావా?" అంది మగ గొంతు.

జ్లాత్కా అక్క నా వైపు చూసింది.

"విన్నాను," అంది.

"మరి?"

"మరేముంది. సరే."



"సరేనా? నువ్వు?"

"సరే అన్నానుగా! చెవుడొచ్చిందా? శనివారం రా. మిరపకాయలు నువ్వే తే. అమ్మ పొయ్యి గ్యారేజీలోనే ఉంది."

ఫోను పెట్టేశాక అడిగాను. "అక్కా, దేనికి సరే అన్నావు?"

"నాకేం తెలుసు?" అంది.

ఆ శనివారం సీసాలు మోయడానికి నన్నూ రమ్మంది. గ్యారేజీ ముందు పొయ్యి రాజుకుంది. తిహొమిర్ పొడుగ్గా, భుజాలు వంగి, ఎవరో తరుముకొస్తున్నట్టు మిరపకాయలు ఒలుస్తున్నాడు. మిరపకాయలు కొన్నచోట తమ్ముడు మోసపోయాడా లేదా అన్న విషయం మీద అక్కాతమ్ముళ్లిద్దరూ హాయిగా పోట్లాడుకుంటున్నారు. మధ్యలో ఆయన తల ఎత్తకుండానే అన్నాడు:

"నువ్వు తిడతావనుకున్నానే. అది విన్నాక నన్ను నీ గడప తొక్కనివ్వవనుకున్నాను."

"ఒలువు, ఒలువు. చల్లారిపోతోంది," అంది జ్లాత్కా అక్క.

ఆయన ఉప్పు కోసం లోపలికి వెళ్లాడు. ఆయన ఫోను బల్ల మీదే, తొక్కల గిన్నె పక్కనే ఉంది. నేను ఆవిడ చెవిలో చెప్పాను. "పంపినవాడి ఫోనులో అది అలాగే ఉంటుంది అక్కా. తెరిచి ఇమ్మను, చాలు. ఏం చెప్పాడో వినొచ్చు."

ఆవిడ ఆ ఫోను వంక కాసేపు చూసింది. గ్యారేజీలో సీసాలు కదిలిన చప్పుడైంది, తమ్ముడు ఏదో వెతుక్కుంటూ తనలో తాను గొణుక్కుంటున్నాడు.

"ఉప్పు కుడిపక్కన ఉందిరా, అమ్మ పెట్టే చోటే!" అని లోపలికి కేకేసింది. తర్వాత కాలిన వేళ్లను నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని, నూనె చిందకుండా ఆ ఫోను మీద కుండ మూత బోర్లించింది.