తీగె తెగిన మైలు

తంతి గుమాస్తాకి పొద్దుట్నించీ కాలు ఒకచోట నిలవడం లేదు. తూర్పు లైను తెగిపోయింది. ఎవరు తెంపారో ఊళ్ళో ఎవరికీ తెలీదు గానీ ఆయనకి తెలుసు. నిన్న తమ్ముడు అన్నం తింటూ, "యుద్ధం వాళ్ళది, చావులు మనవీనా అన్నయ్యా?" అన్నాడు. చెయ్యి కడుక్కుని, పట్టకారు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఈయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపే వీధి మలుపు తిరిగాడు.

బల్ల అవతల పటాలం దొర గడియారం చూసుకుంటున్నాడు. బయట లారీ నిండా సోల్జర్లు. తీగె దగ్గర ఎవడు కనపడితే వాణ్ణి కాల్చెయ్యమని ఉత్తర్వు. ఎన్నో మైలులో తెగిందో చూపించే మీటరుని చదవడం ఆ ఆఫీసులో గుమాస్తా ఒక్కడికే వచ్చు. ఇరవై ఏళ్ళుగా ఆ ముల్లు ఆయన్ని మోసం చెయ్యలేదు, ఆయనా దాన్ని మోసం చెయ్యలేదు.

ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది.

"ఎక్కడ?" అన్నాడు దొర.

"ఇరవై రెండండి. వంతెన దగ్గర." వంతెనంటే దొర ఇట్టే నమ్ముతాడని తెలుసు, నమ్మాడు. రోడ్డు మీంచి పోతే పద్నాలుగో మైలు కొండ వెనకెక్కడో ఉండిపోతుంది. వీళ్ళు వంతెన కింద తుప్పలన్నీ వెతికి వచ్చేలోగా తమ్ముడు ఇంటికి చేరతాడు. లారీ కదిలాక గుమాస్తా కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. సర్వీసు మొత్తానికి మొదటి అబద్ధం, ఒంటికి భలే పట్టింది.

గంట తర్వాత తమ్ముడి భార్య వచ్చింది, తంతి ఇవ్వడానికొచ్చినదానిలా కిటికీ దగ్గర నిలబడింది.

"పద్నాలుగో మైలు పని తెల్లారకుండానే అయిపోయిందట, బావగారూ. కబురొచ్చింది."

"మరి వాడేడమ్మా? ఇంటికొచ్చాడా?"

"ఇంకా లేదండీ. ఒక్కచోటైతే పూటలో అతికేస్తారని, ఏటిమీద తెగితే వారం పడుతుందని ఎప్పుడో మీరే అన్నారట. అందుకని ఆయన అట్నించటే ఇరవై రెండో మైలు వంతెన దగ్గరికెళ్ళారు."

గుమాస్తా మీటరు వైపు తిరిగాడు. మీటరు చూపు మొదటి తెగుడు దాకానే. అవతల ఇంకెన్ని చోట్ల తెగినా దానికి తెలీదు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది తనే.

వంతెనకి రెండు మైళ్ళ ఇవతల రైలు స్టేషనుంది. అక్కడి మాస్టరు మనవాడే, ఒక్క మాట అందితే పరుగెత్తి చెబుతాడు. గుమాస్తా తంతి మీట మీద టకటకా మాట కొట్టాడు. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు.

"లైను తెగింది కదండీ, ఎవరికి కొడుతున్నారు?" అంది ఆవిడ.

ఆయన చెయ్యి ఆపలేదు.