రెండో కాపీ నా పొట్టలోనే

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతికి కాస్త పెద్దగా, ఇటుక ముక్కలా బరువుగా ఉంటాను. నా లోపల అద్దాల్లాంటి పళ్ళేలు గిర్రున తిరుగుతుంటే, వాటికి తగిలీ తగలనంత ఎత్తున ఒక ముల్లు నడుస్తూ రాసేది, చదివేది. ఒక్క దుమ్ము రవ్వ పడ్డా నా పని ఆఖరని, నన్ను తయారుచేసిన చోట మనుషులు ముక్కూ నోరూ కట్టుకుని పనిచేశారు. అంత అపురూపంగా పుట్టినదాన్ని తెచ్చి బెజవాడలో ఒక మిఠాయి దుకాణం మేడమీది గదిలో పెట్టారు. కింద పొయ్యి సెగ, పైన రేకు వేడి.

ఆ గది ఫణికుమార్‌ది. వెబ్‌సైట్ అన్నాక అది ఎప్పుడూ ఆరని ఏదో ఒక కంప్యూటర్‌లో కాపురం ఉండాలి. అలా చోటు అద్దెకివ్వడాన్నే హోస్టింగ్ అంటారు; అతని వ్యాపారం అదే. అతని కంప్యూటర్‌లో నేనే గది, నేనే అటక.

నాలో దిగినవాళ్ళలో పెడన పక్కనున్న కొమ్మలపాలెం అద్దకం సొసైటీ ఒకటి. మార్కండేయులు అనే ముసలాయన యాభై ఏళ్ళుగా టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాడు. ఆయన గీసుకున్న నాలుగొందల పన్నెండు నమూనాలను ఫొటోలు తీసి సైట్‌లో పెట్టారు. అవి చూసే బట్టల వాళ్ళు అచ్చు ఎంచుకుని పని పంపేవారు. ఆ మరుసటి వానాకాలం షెడ్డులోకి నీళ్ళొచ్చి అసలు కాగితాలు ముద్దయిపోయాయి. "కంప్యూటర్‌లో ఉన్నాయిగా" అనుకుని ముద్దను పారేశారు.

హోస్టింగ్ ఎవరికివ్వాలో తేల్చిన మీటింగు సంగతి సొసైటీ కార్యదర్శి నాంచారమ్మ నోటనే తర్వాత విన్నాను. పెద్ద ఊళ్ళ కంపెనీల పేర్లు రెండు వచ్చాయట. మార్కండేయులు చెయ్యి అడ్డం ఊపాడట.

"పరాయివాళ్ళెందుకే నాంచారూ, మన శేషుకుమారి మొగుడు ఉండగా!"

ఆ మొగుడే ఫణికుమార్. ఆ ఊళ్ళో ఒక ఇంటి అల్లుడంటే ఊరందరికీ అల్లుడే. అల్లుణ్ణి కాగితం అడగరు, నిలదీయరు. నిలదీస్తే అక్కడ ఆడపిల్లకు మాటొస్తుంది. అయినా నాంచారమ్మ ఉండబట్టలేక ఒక్క ప్రశ్న వేసింది.

"ఇంకో కాపీ ఉంచుతారా అల్లుడుగారూ?"

"ఎందుకుంచనత్తయ్యా! రెండు కాపీలుంటాయి."

ఎక్కడ అని అడగబోయి ఆమె నాలుక కరుచుకుంది.

ఎక్కడో నాకు తెలుసు. రెండూ నా పొట్టలోనే. ఫణికుమార్ చెడ్డవాడేం కాదు. వచ్చే నెల ఇంకో డిస్కు కొందామనుకునేవాడు. నేనున్న మూడేళ్ళూ ఆ వచ్చే నెల రాలేదు. నాకు నోరుంటే చెప్పేదాన్నే.

ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మూడోసారి నా ముల్లు పళ్ళెం మీద పడింది. టక్, టక్, టక్. అంతే.

ఫణికుమార్ నన్ను తువ్వాల్లో చుట్టుకుని స్వయంగా కొమ్మలపాలెం వచ్చాడు. తలెత్తకుండా చెప్పాడు. "రెండో కాపీ కూడా ఇందులోనే ఉందత్తయ్యా."

మార్కండేయులు తువ్వాలు విప్పి నన్ను చూశాడు. "అయితే రెండు కాదుగా బాబూ, ఒకటే" అన్నాడు మెల్లగా.

హైదరాబాద్‌లో చెడిపోయిన డిస్కుల్లోంచి సరుకు తీసేవాళ్ళు నన్ను కోసి, గీరి, రెండొందల అరవై మూడు నమూనాలు బయటికి తీశారు. మిగతావి పోయాయి. పనికిరాని నన్ను అట్టపెట్టెలో పెట్టి వెనక్కి పంపారు. నాంచారమ్మ బీరువా మీద పెట్టింది. ఇక ఆ పైనుంచే లోకం చూశాను.

మిగిలిన నమూనాలకు మళ్ళీ ఇల్లు వెతకాలి. "గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పిండి చూస్తాం గదా, ఇక్కడ మాటలు విని ఎట్టా కట్టేసుకున్నామో" అని నాంచారమ్మ తనను తానే తిట్టుకుంది. మూడు కంపెనీల్లో నెలేసి రోజులు చూద్దామని నమూనాలు పెట్టించింది. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం మూడు చోట్లా నెమలి అచ్చు పేజీని తనే చెరిపేసి, వరసగా ఫోన్లు చేసింది.

మొదటి చోట సంగీతం వినిపించింది, మనిషి పలకలేదు.

రెండో చోట కుర్రాడు, "మా దగ్గర ఏదీ పోదు మేడమ్, గ్యారంటీ!" అన్నాడు.

"పోయింది నాయనా. నేనే తీశాను. తెచ్చి చూపించు."

"అలా పోదు మేడమ్..."

మూడోది విశాఖపట్నం. ఇందుమతి అనే అమ్మాయి ఎత్తింది. "తెస్తానండీ. ముందు సొసైటీ మెయిల్ నుంచి ఒక ముక్క రాసి పంపండి. ఫోన్లో మాట విని ఎవరి సరుకూ ముట్టుకోను. కాపీ వేరే ఊళ్ళో మిషన్లో ఉంది, అరగంట పడుద్ది. నిన్న సాయంత్రం తీసిన కాపీ అది. ఆ తర్వాత మీరేవైనా మారిస్తే మాత్రం రావండీ, అది నా చేతిలో లేదు."

నాంచారమ్మ మెయిల్ పంపి ఫోన్ ముందు కూర్చుంది. మార్కండేయులు పక్కన కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు నెమలి వచ్చింది, ఒక్క ఈక కూడా చెదరకుండా.

"ఏది రాదో ముందే చెప్పింది చూశావా బాబాయ్" అంది నాంచారమ్మ. "ఈ పిల్ల దగ్గరే పెడదాం."

ఇదివరకు ఫణికుమార్ పేరు మీదున్న సైట్‌ను ఈసారి సొసైటీ పేరు మీదే రాయించింది. అయినా నెలకో కాపీ తెప్పించి బీరువాలో పెట్టడం మానలేదు.

పోయిన నమూనాలను మార్కండేయులు జ్ఞాపకం మీద గీయడం మొదలుపెట్టాడు. చెయ్యి వణికేది. వణుకు ఆగినప్పుడు ఒక గీత, ఆగినప్పుడు ఇంకొకటి. ముప్పై ఒకటి పూర్తయ్యాయి. ముప్పై రెండోది మామిడి పిందె తీగ. సగంలో పెన్సిల్ కింద పెట్టేశాడు.

"వేళ్ళకి గుర్తుందే అమ్మా. మాటే వినట్లేదు."

ఆ కార్తీకంలో ఆయన పోయాడు.

గీసినవాటికి ఫొటోలు తీసి ఇందుమతికి పంపారు. సగం తీగను కూడా పంపారు. కాగితాలను మాత్రం నాంచారమ్మ ఈసారి పారేయలేదు. బల్ల మీద పేర్చి, పైన బరువుకు ఏదైనా పెడదామని చుట్టూ చూసి, నన్ను దించి పెట్టింది.

నాలుగొందల పన్నెండూ నా లోపల ఉన్న రోజుల్లో వాటి బరువు నాకు తెలియలేదు. ఇప్పుడు నా కింద ముప్పై రెండు కాగితాలున్నాయి. ఫ్యాను తిరిగినప్పుడల్లా వాటి అంచులు రెపరెపలాడతాయి. నేను కదలను.