తీగలకెక్కిన వణుకు

పాతబస్తీ దబీర్‌పురాలో ఉమ్మే హానీ పొద్దున చాయ్ తాగి పెనం ముందు కూర్చునేది. వేడికి మెత్తబడ్డ లక్క గాజు మీద, సన్నటి పుల్లతో ఒక్కొక్క రాయినీ ఎత్తి అద్దేది. లాడ్ బజార్ దుకాణాలకు ముప్పై ఏళ్లుగా అదే పని. రెండేళ్ల కింద కుడిచెయ్యి వణకడం మొదలైంది, తర్వాత ఎడమది. మందు వేసుకుంటే గంటసేపు ఆగేది, అంతే.

కొడుకు అర్బాజ్ పెళ్లిళ్ల బ్యాండులో గిటార్ వాయించేవాడు. కాళ్ల దగ్గర, గిటార్ స్వరాన్ని మార్చే నాలుగు పెడళ్లు. కోరస్ నొక్కితే నలుగురు కలిసి వాయించినట్టుండేది. ఫేజర్‌తో స్వరం సుడి తిరిగేది, ఫ్లాంజర్‌తో విమానం తలమీంచి పోయేది. ట్రెములో స్వరాన్ని వణికించేది. ఏ పాటకి ఏ మీట ఎంత తిప్పాలో అర్బాజ్‌కి తెలిసినట్టు ఎవరికీ తెలియదనేవాడు బ్యాండు నడిపే వేదాంత్.

ఒకరోజు ఇంట్లో అర్బాజ్ ట్రెములో వేగం మీట తిప్పుతుంటే అది తల్లి చేతి వణుకుతో సరిగ్గా కలిసింది. ఆమె చేతులు కుదురుకున్నాయి. అప్పట్నించి రోజూ పొద్దున అతను వాయించడం, ఆమె రాళ్లు అద్దడం.

"పాట వణుకుతున్నది, చేతులు మంచిగున్నట్టేనా అక్కా?" అని పక్కింటి వరమ్మ గోడవతలి నుంచి అడిగేది.

నెలనెలా వణుకు వేగం పెరిగింది. వేగం మీట చివరికొచ్చేసింది. మిగతా పెడళ్లు కూడా నొక్కి చూశాడు. కోరస్‌కి వణుకు రెట్టింపైంది, ఫేజర్‌కి భుజాల దాకా పాకింది. పుల్ల జారి రాళ్లు చాప మీద చెదిరాయి.

"ఇగ చాలు బేటా. లక్క దుకాణానికి వాపస్ ఇచ్చేస్త," అన్నది ఉమ్మే హానీ.

"ఇంకొక్కసారి అమ్మీ."

వణుకు ఎంత బలంగా ఉండాలో చెప్పే ట్రెములో లోతు మీటను అతను ఎప్పుడూ సగం దాటించలేదు. ఆ రోజు చివరిదాకా తిప్పాడు. ఒళ్లో గిటార్ అదిరింది. అతను వాయించడం ఆపాక కూడా ఆమె చేతులు వణకలేదు. మళ్లీ ఎన్నడూ వణకలేదు.

మర్నాడు ప్రాక్టీసులో అర్బాజ్ ఏ పెడల్ నొక్కినా అదే వణుకు వచ్చింది. వైర్లు పీకి ఉత్త తీగ మీటినా అదే. ఇంకో గిటార్ ఇచ్చారు. అతని చేతికి రాగానే అదీ వణికింది.

"అమ్మ వణుకు తీసుకున్నవా?" అడిగాడు, ఆమె జబ్బు సంగతి తెలిసిన వేదాంత్.

"ఔ అన్నా."

"మంచి పని చేసినవ్." వేదాంత్ ఆ రెండో గిటార్ వెనక్కి తీసుకున్నాడు. "గని పెండ్లిళ్లల్ల గిట్ల వాయిస్తే నడవదు అర్బాజ్."

అర్బాజ్ ఆ మాట ఇంట్లో చెప్పలేదు. పెళ్లిళ్ల సీజన్ లేదన్నాడు. పొద్దున్నే తల్లి పక్కన కూర్చుని, వచ్చిన ఆ ఒక్క స్వరమే వాయించాడు.

"ఏంది, ఎప్పుడు ఒక్క తీరే వాయిస్తున్నవ్? మునుపు మస్తు రకాలు వచ్చేవి గద," అన్నది ఆమె ఒకనాడు.

"గిదే మంచిగున్నది అమ్మీ."

రాయి అద్దడానికి వంగినప్పుడు ఆమె గడ్డం వణికింది. సన్నగా, చాలా వేగంగా. అర్బాజ్ నాలుగు పెడళ్లూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కాడు. నాలుగింటిలోనూ ఆమె చేతుల వణుకే పలికింది. గడ్డం వేగానికి అది కలవలేదు, గడ్డం ఆగలేదు.

ఉమ్మే హానీ గడ్డాన్ని భుజానికి గట్టిగా ఆనించుకుని, ఇంకో రాయి ఎత్తింది.