ఆటలో అరటిపండు

సింధూర ఆటలో ఎన్నడూ ఔట్ కాలేదు. చిక్కడపల్లి సందులోని ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సాయంత్రం అయిదున్నరకు పిల్లలు చేరి పంటలు వేసుకునేటప్పుడు ఆ పిల్లా చెయ్యి చాపేది. అరచెయ్యి పెట్టినా, మడిచి పెట్టినా ఆమెకు ఒకటే. అందరికంటే ముందు పండినట్టే లెక్క. దొంగ అయినవాడు అందరినీ తరిమేవాడు గానీ ఆమెను ముట్టుకునేవాడు కాదు. సింధూర మాత్రం తననే తరుముతున్నారనుకుని కేరింతలు కొడుతూ స్తంభాల చుట్టూ పరిగెత్తేది.

ఆటలో అరటిపండు అంటే అదే. చిన్నపిల్లల్ని ఏడిపించకుండా కలుపుకోవడానికి పిల్లలే చేసుకున్న ఏర్పాటు. ఆడతారు, లెక్కలోకి రారు. ఏడాదో రెండేళ్లో గడిచాక అసలు ఆటలోకి వచ్చేస్తారు. సింధూరకు పన్నెండేళ్లు, తల్లి భుజం దాకా ఎదిగింది. మాటా తెలివీ నాలుగేళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఆరేళ్లుగా అరటిపండే.

తల్లి పద్మకు ఈ సంగతి తెలియక కాదు. తెలిసే, రోజూ బాల్కనీలోంచి చూసి మురిసిపోయేది. అశోక్‌నగర్‌లో థెరపీకి తీసుకెళ్లే చోట ఒక కాగితం నింపమన్నారు. జడ వేసుకుంటుందా, కొట్టుకు వెళ్లి వస్తుందా, పెళ్లిళ్లకు వస్తుందా, తోటిపిల్లలతో ఆడుతుందా. అన్నిటికీ లేదు, లేదు అని రాసుకుంటూ వచ్చిన పద్మ, ఆఖరిదానికి మాత్రం అవును అని నొక్కి రాసింది. టీచరు అది చూసి, "ఆటలో పాపకు వంతు వస్తుందా అండీ?" అని మామూలుగానే అడిగింది. ఆ మాట పద్మను ఇంటిదాకా వదల్లేదు. పైగా రెండో అంతస్తు అభిరామ్, అయిదేళ్ల బుడతడు, మొన్న దసరా సెలవుల్లోనే అరటిపండు నుంచి అసలు ఆటగాడయ్యాడు. ఆ పసివాడి మీద పద్మకు కడుపుమంట. సిగ్గుపడాల్సిన సంగతే. ఏం చేస్తుంది, తల్లి.

వాచ్‌మన్ పెద్దులు కూతురు నవనీతకు పదేళ్లు. సెల్లార్‌లో దాని మాటే చెల్లుతుంది. పద్మ దాన్ని పట్టుకుంది.

"ఇకనుంచి సింధూరని కూడా ఔట్ చెయ్యండమ్మా. అందరిలాగే ఆడించండి."

"అక్కకు సమజ్ కాదు గద ఆంటీ. ఔటయితే ఏడుస్తది. గిట్లనే మంచిగున్నది."

"నేను నేర్పుతాగా. ఒక్క పదిరోజులు ఆగు."

ఇంట్లో అత్తగారు బాలత్రిపురసుందరి చెబుతూనే ఉంది. "ఉన్నదాన్ని ఉండనివ్వవే పద్మా. పిల్లది నవ్వుతోంది, చాలదూ?" పద్మ వింటేగా. హాల్లో కుర్చీలన్నీ పక్కకు లాగేసి కూతుర్ని తరిమేది. భుజం మీద చెయ్యేసి "ఔట్" అనేది. సోఫాలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టేది. రోజుకు ఇరవైసార్లు, ముప్ఫైసార్లు. తొమ్మిదోరోజున భుజం మీద చెయ్యి పడగానే సింధూర "ఔట్" అంటూ తనంతట తనే వెళ్లి కూర్చుంది. పద్మ కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదు.

ఆదివారం ఆటలో అభిరామే ముట్టుకున్నాడు. "సింధూరక్క ఔట్!" సింధూర వెళ్లి మెట్టు మీద బుద్ధిగా కూర్చుంది, ఏడవలేదు. పైనుంచి పద్మ చప్పట్లు కొట్టింది. ఆ ఆట అయిపోయింది. మళ్లీ పంటలకు అందరూ చేతులు చాపారు. సింధూర లేవలేదు.

"దా అక్కా, ఇంకో ఆట."

"ఔట్," అంది సింధూర.

మర్నాడు ఆటకు దిగుతూనే తిన్నగా మెట్టు దగ్గరికి వెళ్లింది. ఆ మర్నాడూ అంతే. ఔట్ కావడం నేర్పిన తల్లికి, ఔటైనవాళ్లు మళ్లీ ఆటలోకి వస్తారని వేరేగా నేర్పాలని తోచలేదు. మిగతా పిల్లలకు ఎవరు నేర్పారని! ఎంత బతిమాలినా, ఎన్నిసార్లు చూపించినా ఆ పిల్ల బుర్రకు అది ఎక్కలేదు. వారం తిరిగేసరికి పద్మే నవనీత దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది.

"మళ్లీ అరటిపండుగానే పెట్టుకో తల్లీ."

"పెట్టుకుంటనంటే వస్తలేదు ఆంటీ. రోజూ పిలుస్తనే ఉన్న. నేనేం జేయాలె?" నవనీత కళ్లలో నీళ్లు తిరిగాయి.

తరవాత తరవాత పిల్లలు పిలవడం మానేశారు. వాళ్లనేం అనగలం.

అది కూడా పద్మ ఎలాగో మింగింది. ఒక శుక్రవారం పొద్దున కూతురితో నారాయణగూడ చౌరస్తా దాటుతోంది. సిగ్నల్ మారిపోతోంది. బస్సు కదిలింది. గబగబా దాటించాలని కూతురి భుజం మీద చెయ్యేసింది.

"ఔట్," అంది సింధూర. నడిరోడ్డు మీద చతికిలబడింది. ఆటోలు, బైకులు చుట్టూ ఆగి హారన్లు మోగిస్తున్నాయి. "లేపు అక్కా, జర లేపు," అని ఎవరో అరుస్తున్నారు. లేపడానికి వంగిన పద్మకు ఆ పిల్లను ఎక్కడ ముట్టుకోవాలో తెలియలేదు. సింధూర తల్లి ముఖంలోకి చూస్తూ చప్పట్ల కోసం కూర్చుంది.