సముద్రం అటు కాదు

నేను ఒక బాణం గుర్తు బోర్డును. మీరంటే నాకు గిట్టదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ పేచీ ఉండదు.

నా పుట్టుక గొప్పదే. తుపానుకు కూలిన టేకు చెట్టును కోసి, నున్నగా చిత్రిక పట్టి, పసుపు రంగు వేసి, నా మీద ‘సముద్రం’ అని రాసి కొసను బాణంలా కోశారు. తీరం వెంట ఉన్న సరుగుడు అడవిలో, దారి రెండుగా చీలే చోట గుంజకు బిగించి నిలబెట్టారు. కుడి దారి సముద్రానికి పోతుంది. ఎడమ దారి ఉప్పుటేరులోకి దిగుతుంది. అక్కడ మోకాలి లోతు బురద, పోటొస్తే మనిషెత్తు నీళ్లు. ఇంత బాధ్యత నా నెత్తిన పెట్టి, గుంజ అడుగున సిమెంటు పోయడం మాత్రం మరిచిపోయారు. ఉత్త ఇసుకలో పాతి చేతులు దులుపుకున్నారు. మీ పనులన్నీ ఇంతే కదా!

తొమ్మిదేళ్లు మిమ్మల్ని భరించాను. చాకులతో నా ఒంటి మీద పేర్లు చెక్కారు. తడి తువ్వాళ్లు ఆరేశారు. నా మీద మోచెయ్యి ఆనించి ఫొటో దిగుతూనే, "సముద్రం ఎటండీ?" అని దారినపోయేవాణ్ణి అడిగిన మహానుభావుణ్ణి కూడా చూశాను. చదివిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు. మీకన్నా కాకి రెట్టే నయం, వానొస్తే పోతుంది.

ఆ కార్తీక ఆదివారం విజయనగరం నుంచి ఒక కుటుంబం వనభోజనానికి దిగింది. భార్గవ్, అతని భార్య హైమ, ఏడేళ్ల కూతురు వర్ణిక, చంకలో ఏడాది పిల్లాడు. పిల్లల్ని అడవంతా నడిపిస్తానని గొప్పలు చెప్పుకుంటూ వచ్చిన తండ్రి, నా దగ్గరికొచ్చేసరికే చతికిలబడ్డాడు. పులిహోర గిన్నె మూత లేచింది. పిల్లాడు నిద్రకు ఏడుపు లంకించుకున్నాడు.

"ఏమండీ, వీడికి ఉయ్యాల కట్టండి," అంది హైమ.

చీర ఒక కొస సరుగుడు చెట్టుకు, రెండో కొస నా బాణానికి. "గట్టిగానే ఉందిలే," అంటూ భార్గవ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఒళ్లు మండిపోయింది. దారి తప్పి చావండి, పీడా పోతుంది అని తిట్టుకున్నాను.

ఊపు ఊపుకూ గుంజ ఇసుకలో కొంచెం కొంచెం తిరిగింది. నా బాణం ఎడమకు మళ్లింది. సరిగ్గా అప్పుడొచ్చింది వర్ణిక. వేలు పెట్టి ఒక్కో అక్షరం తడుముతూ, "స... ము... ద్రం" అని చదివింది. "నాన్నా, సముద్రం ఇటంట!"

"ఆఁ, వెళ్దాం తల్లీ," అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

పిల్ల ఆగలేదు. అటు కాదే తల్లీ, అటు కాదు! అరవడానికి నాకు నోరేదీ? నాకున్నది ఒకే ఒక్క మాట, అదీ అబద్ధమైపోయింది.

కాసేపటికి హైమ తల తిప్పి చూసింది. "వర్ణిక ఏదండీ?" ఆ తర్వాత కేకలే కేకలు. అవి విని అడవి వాచర్ పైడయ్య సైకిల్ మీద వచ్చాడు. విషయం వింటూనే నా వైపు చూసి అదిరిపడ్డాడు.

"బోర్డుకి ఉయ్యాల కట్టినారేటి బాబూ? బాణం తిరిగిపోనాది! మీ ఆడగుంట ఏటిలోకెల్లిపోనాది, పోటెక్కే ఏలైంది!"

సైకిల్ పారేసి ఎడమకు పరుగెత్తాడు. నడుము దాకా బురదలో కూరుకుపోయి, గొంతు దాకా నీళ్లలో ఉన్న పిల్లను లాగి భుజాన వేసుకుని తెచ్చాడు. పిల్ల వణికిపోతోంది. తండ్రి పిల్లను గుండెలకు హత్తుకుని ఏడ్చాడు. ఆ తర్వాత లేచి నన్ను కాలితో తన్నాడు.

"దరిద్రపు బోర్డు! నా పిల్లను పొట్టన పెట్టుకునేది."

"దాన్ని తన్నకు నాన్నా," అంది వర్ణిక వెక్కుతూ. "నేను చదివేటప్పుడు నువ్వు చూళ్లేదు."

ఇప్పుడక్కడ సిమెంటు దిమ్మెలో రేకు బోర్డు ఉంది. నేను పైడయ్య పాకలో వంటచెరకు కింద పడున్నాను. రేపో మాపో పొయ్యిలోకి పోతాను. మీరంటే నాకిప్పటికీ గిట్టదు. కానీ ఆ రోజు మీ అందర్నీ కలిపి తిట్టిన తిట్టు మాత్రం నన్ను చెదలకన్నా ఎక్కువగా తొలుస్తోంది. అది తగిలింది, నా మాట నమ్మిన ఆ ఒక్క పిల్లకే.