గేట్లు ఎత్తలేదు

సెల్‌ఫోన్లు వచ్చాక, రాజోలి రేవులో పుట్టిని, అదే గుండ్రటి బుట్టపడవను, నదిలోకి దింపే ముందు ఎవరైనా చేసే పని ఒక్కటే. ఎగువన హోస్పేటకు ఫోన్ కొట్టి డ్యాం గేట్ల సంగతి కనుక్కోవడం. పుట్టి నడిపే మల్లేశ్‌కు వెంకటన్న బావమరిది; అతనికి ఆ డ్యాం దగ్గరే టీ కొట్టు.

"గేట్లెత్తిండ్రా?"

"ఎత్తలే బావా. రందిలేకుండ పో."

మల్లేశ్ తలెత్తి చూశాడు. మబ్బు తునక లేదు. ఇక అడిగేదేముంది? తెడ్డు అందుకున్నాడు.

ఎక్కింది నేతపని చేసే జంగయ్య ఒక్కడే, అదీ గేట్లెత్తలేదని మల్లేశ్ చెప్పాకే. అవతలి ఒడ్డున పెళ్లివారింటికి చీర ఇచ్చి రావాలి. మూట ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఈత రాదు.

"జర మెల్లగ తిప్పు మల్లేశా. పొద్దుగాల తిన్న రొట్టె గొంతుల్నే ఉంది."

"మగ్గం గుంతల కూసున్నట్టు కూసో మామా. ఆడ పొద్దంత కదలకుండ కూసుంటవ్ గద."

"మగ్గం మునుగదురా."

మల్లేశ్ నవ్వాడు. నది నడుమకు వచ్చారు. తెడ్డు ముంచి లాగితే పుట్టి ముందుకు పోలేదు, పక్కకు జారింది. మళ్లీ లాగాడు. ఈసారి తెడ్డు మీంచి కారిన నీళ్లు చూసి అతని చెయ్యి ఆగిపోయింది. ఎర్రగా ఉన్నాయి.

డ్యాం నీళ్లు ఎర్రగా రావు.

ఎగువకు చూశాడు. నురగ. దాని వెనక వేళ్లతో సహా కొట్టుకొస్తున్న తుమ్మచెట్టు. ఆ వెనక ఎవరిదో గుడిసె పైకప్పు.

"ఏందిరా అది?" అన్నాడు జంగయ్య.

మల్లేశ్‌కు అప్పుడు తట్టింది. డ్యాంకూ రాజోలికీ నడుమ హగరి ఏరు కలుస్తుంది, ఇంకెన్నో వాగులు కలుస్తాయి. రాత్రి అక్కడెక్కడో కుండపోతగా కురిసింది. ఆ నీళ్లకు ఏ గేటూ అడ్డం లేదు. ఇన్నేళ్లలో అతను వాగుల సంగతి ఏనాడూ అడగలేదు. రేవులో ఎవరూ అడగరు.

అడ్డంగా తోస్తే పుట్టి బోల్తా పడుతుంది. మల్లేశ్ తెడ్డును చుక్కానిలా పట్టి, పుట్టిని వరదకే వదిలేశాడు. అది గిర్రున తిరుగుతూ దిగువన ఒడ్డుకు దగ్గరగా ఉన్న రాతిగుండ్ల మీదికి దూసుకుపోయింది. గుండ్ల సందున మొలిచిన చెట్టు కొమ్మ ఒకటి నీళ్లమీదికి వంగి ఉంది.

"మూట ఇడ్సి కొమ్మ పట్టు మామా."

"పెండ్లిచీరరా."

"ఇడ్సు."

జంగయ్య విడవలేదు. మల్లేశ్ ఒక చేత్తో కొమ్మ అందుకుని, రెండో చేత్తో అతని చొక్కా కాలర్ దొరకబుచ్చుకున్నాడు. కాళ్లకింద పుట్టి లేకుండా పోయింది. మూటా పోయింది.

రేవులోంచి పరుగెత్తుకొచ్చిన జనం మోకు విసిరి, జంగయ్య దాన్ని పట్టుకోగానే ఇద్దరినీ లాగారు.

"గేట్లెత్తలేదంటివి గదరా," ఒడ్డున పడి వణుకుతూ అన్నాడు జంగయ్య.

"ఎత్తలే మామా. నేను గదొక్కటే అడిగిన."

కాలర్ వదలమన్నారు ఎవరో. వదిలేశాననే అనుకున్నాడు మల్లేశ్. పిడికిలి బిగుసుకునే ఉంది. ఇద్దరు మనుషులు పక్కన కూర్చుని, ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది.