ఏడో ప్రశ్నలో ఒక అక్షరం

నాకు ముక్కు మీద కోపమని మా ఆఫీసులో అందరూ అంటారు. దేశంలోని నాలుగువందల పది ఫైర్ స్టేషన్లకు ఫారాలు పంపి, నింపించి, తెప్పించి, కంప్యూటర్లో ఎక్కించే పనంతా ఒక్కదాని నెత్తిన వేస్తే కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడుంటుంది? ఇంజన్లెన్ని అని అడిగితే ఒకాయన రంగు రాస్తాడు. సిబ్బంది ఎంతమంది అంటే ఇంకొకాయన "సరిపోరు" అని రాస్తాడు. వీళ్లందరికీ ఫోన్లు చేసి చేసి నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా ఒక్క సంగతి గర్వంగా చెప్పుకుంటాను. పదహారేళ్ల ఉద్యోగంలో నా చేతి మీదుగా తప్పు అంకె ఒక్కటి కూడా పోలేదు.

అక్షరం పోయింది. అది తర్వాత తెలిసింది.

లెక్కలన్నీ ఎక్కించిన మర్నాడు మా డైరెక్టరు గారు నా బల్ల దగ్గరికే నడిచి వచ్చారు. ఆయన కుర్చీలోంచి లేవడమే అరుదు.

"అమ్మాయ్, ఇది చూశావా?" అంటూ కాగితం ఊపారు. నలభై నాలుగేళ్లు వచ్చినా ఆయనకు నేను అమ్మాయినే.

చూశాను. కొండ కింద ఓ చిన్న స్టేషన్. ఆరుగురు మనుషులు, ఒకే ఇంజన్. గత ఏడాది ఎదుర్కొన్న మంటలు ఏడువందల ఎనభై రెండు. రాజధానిలోని పెద్ద స్టేషన్ కూడా మూడువందలు దాటలేదు.

"ఆరుగురు! ఒక్క ఇంజను! అసలు నిద్రపోతున్నారా వాళ్లు?" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు. "పైవాళ్లకి అప్పుడే ఫోన్ చేసి చెప్పేశాను. నువ్వు వెళ్లి, స్వయంగా చూసి, రిపోర్టు రాసుకురా."

నాకూ సంతోషమే వేసింది. ఎందుకంటే ఈ సర్వే ఊరికే పెట్టింది కాదు. ఏడాదికి పన్నెండు మంటలైనా లేని స్టేషన్లను మూసేసి, మనుషుల్ని తలో చోటికి బదిలీ చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఊరికి పక్క స్టేషన్ అంటే నలభై కిలోమీటర్లు, మధ్యలో రైల్వే గేటు. మూసేవాటిలో అదే మొదటిది అవుతుందని అనుకున్నాను. పోనీలే, బతికిపోయింది అనుకుంటూ బస్సెక్కాను.

బస్సులో వాళ్ల ఫారం తీశాను. కంప్యూటర్లోకి అంకెలే ఎక్కుతాయి. వివరాల పేజీలకు పిన్ను కొట్టి బీరువాలో పడేస్తాం, ఎవరూ చదవరు. ఆ రోజు కిటికీ పక్క సీటు దొరికింది, చేతిలో వేరే పని లేదు, చదివాను.

ఎలా మొదలైంది అన్న చోట "ఆకలితో" అని రాశారు. మొదట సమాచారం ఇచ్చింది ఎవరు అంటే "వాసన". సంఘటనా స్థలానికి చేరడానికి ఎంతసేపు పట్టింది అంటే "గంట కొట్టాక పది సెకన్లు, డ్రైవరు బావ అయితే గంటకు ముందే". ఆస్తి నష్టం మూకుడు ఒకటి. ప్రాణనష్టం "లేదు గానీ ఒకసారి పుట్టగొడుగుల వల్ల ఇద్దరు భయపడ్డారు". అదుపులోకి రావడానికి పట్టే సమయం "ఉల్లిపాయల మీద ఆధారపడి ఉంటుంది".

పేజీ వెనక్కి తిప్పి ఏడో ప్రశ్న చూశాను. నేనే రాసి, నేనే ప్రూఫు చూసి, నేనే అచ్చుకు పంపిన ప్రశ్న. "గత ఏడాది మీ స్టేషన్ ఎదుర్కొన్న వంటలు ఎన్ని? అందులో పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని?"

వంటలు! మ అనే అక్షరానికి ఉండాల్సిన ఆ పిసరంత తోక లేదు.

ప్రూఫు చూసిన రోజు గుర్తొచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను, ఫోనులో మా తోటికోడలు. అత్తగారికి ఉప్పు లేని వంట ఈ వారం ఎవరు చేయాలన్న దాని మీద గంటన్నర వాదించుకున్నాం. అలాంటప్పుడు ఎదురుగా కాగితం మీద వంట అని ఉంటే నా కంటికి తప్పెలా కనిపిస్తుంది? నాలుగువందల తొమ్మిది స్టేషన్లవాళ్లు అలవాటు కొద్దీ మంటలనే చదువుకుని మంటల లెక్కే రాశారు. ఈ ఒక్క స్టేషన్ మహానుభావులు మాత్రం రాసింది రాసినట్టు చదివారు. రోజుకు రెండు, ఆదివారం మూడు. లెక్క వేసి చూశాను, ఏడువందల ఎనభై రెండూ సరిగ్గా సరిపోయాయి.

స్టేషన్ చేరేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డులో ఎర్ర ఇంజను అద్దంలా మెరుస్తోంది. తెల్ల మీసాల పెద్దాయన ఒకరు, స్టేషన్ ఆఫీసరు, ఎదురొచ్చారు. నేనొస్తున్న కబురు ముందే అందినట్టుంది, నన్ను చూడగానే లోపలికి కేకేశారు.

"ఒరేయ్, వంటల మేడమ్ గారొచ్చార్రా!"

భూమి చీలితే అందులో దూకేద్దామనిపించింది. ఆయన నన్ను ఇంజను దగ్గరికి కాదు, తిన్నగా వంటగదికే తీసుకుపోయారు. అక్కడ ఆరడుగుల ఫైర్‌మన్ ఒకడు కుండలో సూపు కలుపుతున్నాడు. అతన్ని అందరూ గరిటె అంటారట. కంచం ముందేసుకుని అప్పటికే కూర్చున్నవాడు డ్రైవరు. అక్కడి ఒక ఫైర్‌మన్ చెల్లెల్ని చేసుకున్నందుకు స్టేషన్ మొత్తానికీ అతను బావ.

"ముప్పై ఏళ్ల సర్వీసమ్మా నాది," అన్నారు పెద్దాయన. "గొట్టాలెన్ని, బకెట్లెన్ని, బూట్లెన్ని అని అడిగారు గానీ, మీరేం వండుకు తింటున్నార్రా అని అడిగిన నాథుడు లేడు. మీ ప్రశ్న చూసి మా గరిటెకి కళ్లనీళ్లొచ్చాయి."

"ఉల్లిపాయలు కోస్తున్నాను లెండి," అన్నాడు గరిటె. "కానీ మేడమ్, 'ఎదుర్కొన్న వంటలు' అన్నారు చూడండి, ఆ మాట ఒక్కటీ కాస్త బాధ పెట్టింది."

సూపు పోశారు. ఆమ్లెట్ వేశారు. వద్దన్నకొద్దీ వడ్డించారు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో పదేళ్లుగా అంత రుచిగా ఎవరూ వండలేదు, నాతో సహా.

"మంటలెన్నండీ?" అన్నాను చివరికి.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మంటలా? అవి మీరడగలేదు కదమ్మా."

"ఇప్పుడడుగుతున్నానండీ."

"మూడు," అన్నారు పెద్దాయన. "గడ్డివాము ఒకటి, బడిలో కర్టెను ఒకటి, మూడోది..."

"మూడోది చెప్పకండి," అన్నాడు బావ. మూడోది వాళ్ల ఇంజనేనట.

ఇక దాచలేకపోయాను. తోక లేని అక్షరం సంగతి, తోటికోడలి ఫోను సంగతి, పన్నెండు మంటల ఉత్తర్వు సంగతి, అన్నీ చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు.

"అంటే మా వంట సంగతి ఎవరికీ అక్కర్లేదన్నమాట," అన్నాడు గరిటె మెల్లగా. పొయ్యి కట్టేసి అటు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఆ అంకె ఇలాగే వదిలేస్తే స్టేషన్ ఉంటుందండీ," అన్నాను. పదహారేళ్లలో మొదటిసారి అలాంటి మాట నా నోట వచ్చింది. "ఏడువందల ఎనభై రెండూ సరిచూశానని నేను ఒక్క ముక్క రాస్తే చాలు."

"రాసెయ్యండి మేడమ్," అన్నాడు బావ. "ఒకటి ఇప్పుడే చూశారు. మిగతావన్నీ ఇంచుమించు ఇంతే."

"మూడే రాయండమ్మా," అన్నారు పెద్దాయన.

"మూసేస్తారండీ!"

"తెలుస్తూనే ఉంది. కానీ మేం రోజూ పొద్దున్నే ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతాం. వైరు తెగితే మార్పిస్తాం, గ్యాసు గొట్టం బీటలిస్తే తీయిస్తాం. మమ్మల్ని చూస్తే తలుపులేసుకుంటారు, అన్ని తిట్లు తిన్నాం. అలా తిరిగి తిరిగి మూడుకి తెచ్చుకున్నాం. ఇప్పుడు ఆ మూడుని ఏడువందలు చేసేసి ఏ మొహం పెట్టుకుని తిరగమంటారు?"

ఆ మాటంటూనే నాకు ఇంకో గరిటెడు సూపు పోశారు. నేను రిపోర్టులో మూడు అని రాసి, కింద సంతకం పెట్టి, ఆయనకు చూపించాను. బస్సులో తిరిగొస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

మర్నాడు డైరెక్టరు గారి ముందు నిలబడ్డాను. "సార్, మంటలు మూడే. ఆ ఏడువందల ఎనభై రెండూ వంటలు. తప్పు నాది," అని ప్రూఫు కాగితం బల్ల మీద పెట్టాను. నా సంతకం కింద ఆయన చేత్తో "చూశాను, చాలా బాగుంది" అని రాసి ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత ఫోను వైపు చూశారు. పైవాళ్లకు చెప్పింది ఆ ఫోన్లోనే.

"మొదట ఏడువందల ఎనభై రెండు," అన్నారు నెమ్మదిగా. "నువ్వెళ్లి చూసేసరికి మూడు."

"అవును సార్, ఎందుకంటే..."

"ఏడువందల డెబ్బై తొమ్మిది తగ్గించారు! ఆరుగురు! ఒక్క ఇంజను!" మళ్లీ కళ్లు తుడుచుకున్నారు. "అమ్మాయ్, అలాంటి స్టేషన్ని మూస్తే మనల్ని ఏమనాలి? దేశంలో అందరినీ అక్కడికి శిక్షణకి పంపాలి."

"సార్, వంటలు సార్! వంటలు!" అని అరిచాను.

"అవునవును, వచ్చినవాళ్లకి భోజనాలు కూడా ఉండాలి కదా. బాగా గుర్తు చేశావ్," అంటూ వంటగది పెద్దది చేయించాలని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టేశారు.

నేను ఊరుకోలేదు. జరిగిందంతా రెండు పేజీలు రాసిచ్చాను. ఆయన దాని మీద "చూశాను" అని రాశారు. అది బీరువాలోకి పోయింది.

స్టేషన్‌కి నేనే ఫోన్ చేసి, మూయడం లేదని చెప్పాను. వెనకాల ఒకటే కేకలు, గిన్నెల చప్పుడు. పెద్దాయన మాత్రం గొంతు తగ్గించారు.

"అమ్మా, లెక్క ఎంతని రాశారు?"

"మూడనే రాశానండీ. మీ ఎదురుగానే కదా సంతకం పెట్టాను."

"మళ్లీ మార్చలేదు కదా?"

"లేదండీ."

ముక్కు చీదుకున్న చప్పుడైంది. "అయితే మూడని చెప్పే నిలబడ్డాం," అన్నారు.

డైరెక్టరు గారి తీసివేత సంగతి నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అవునండీ, మూడని చెప్పే నిలబడ్డారు," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. మేం చెప్పింది నిజమే, విన్నవాళ్ల సంగతి పెద్దాయనకెందుకు?